శీర్షిక కంటే ముందు ఊరు: ప్రజారోగ్య పీజీ విద్యార్థుల థీసిస్ ప్రణాళికపై ఒక పరిశీలన

ఎండీ సామాజిక వైద్యం కావచ్చు, ఎంపీహెచ్ కావచ్చు, థీసిస్ అనగానే విద్యార్థి ముందు శీర్షిక కోసం వెతుకుతాడు. పాత థీసిస్‌లు తిరగేసి, జబ్బు పేరు ఒకటి, జిల్లా పేరు ఒకటి కలిపి గైడు ముందు పెడతాడు. ఎండీకి ఉన్నది మూడేళ్ళు. సాధారణంగా మొదటి ఆరు నెలల్లో సినాప్సిస్ ఇవ్వాలి, చివరి పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ సమర్పించాలి. తొందర సహజమే. ఆ తొందరలో అడగకుండా వదిలేసే ప్రశ్న ఒకటుంది: మనం లెక్కించబోయేది ఎవరిలో? లవం మీద ఉన్న శ్రద్ధ హారం మీద ఉండదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ లోపం ఎలా బయటపడుతుందో చూపడమే ఈ వ్యాసం పని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ‘తిరుపతి జిల్లా గ్రామాల్లో 30 ఏళ్ళు పైబడినవారిలో అధిక రక్తపోటు’ అని ఒక విద్యార్థిని రాసుకుంది. నమూనా లెక్కకు పాత అంచనా కావాలి కాబట్టి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చిత్తూరు జిల్లా పట్టిక తెరిచింది. ఆ సర్వే జరిగింది 2019-21లో. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. పాత చిత్తూరులోని కొంత భాగానికి నెల్లూరు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట వైపు మండలాలు వచ్చి కలిశాయి. మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్ళింది. 2011 జనాభా లెక్కల్లోని సుమారు 41.74 లక్షలు కూడా ఆ పాత చిత్తూరువే. పైగా సర్వే పట్టికలో రక్తపోటు అంకె 15 ఏళ్ళు పైబడినవారిది. అంటే ఆమె తెచ్చుకున్న అంకెకు జిల్లా వేరు, వయసు వేరు. ఇది సూత్రం రానందువల్ల జరిగిన తప్పు కాదు, పట్టిక ఎవరి గురించో అడగనందువల్ల జరిగినది.

సరే, ఎలాగోలా 25 శాతం అన్న అంచనాకు వచ్చిందనుకుందాం. అటూ ఇటూ 5 శాతం తేడాకు ఒప్పుకుంటే 4పీక్యూ/డీ స్క్వేర్ సూత్రం ప్రకారం 300 మంది కావాలి. (చాలా థీసిస్‌లలో 384 కనిపిస్తుంది. పాత అంచనా ఏదీ లేనప్పుడు 50 శాతం అనుకుని, సూత్రంలో 4 బదులు 1.96 వర్గం వేస్తే వచ్చే అంకె అది. అంచనా ఉన్న జబ్బుకూ దాన్నే వాడటం బద్ధకమే.) ఊళ్ళను గుంపులుగా ఎంచుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1.5 వేసి 450, పదో వంతు మంది దొరకరనుకుంటే 500. ఇక్కడితో లెక్క ముగిసిందని సినాప్సిస్ కట్టేస్తారు. నిజానికి మొదలయ్యేది ఇక్కడే. ఒక్కో మనిషికి ప్రశ్నలు, మధ్యలో ఆగి ఆగి మూడుసార్లు బీపీ, అన్నీ కలిపి 40 నిమిషాలు పడితే రోజుకు పది మందికి మించరు. 50 రోజులు. డ్యూటీలు పోను వారానికి రెండు రోజులే ఊరికి వెళ్ళగలిగితే 25 వారాలు, అంటే దాదాపు ఆరు నెలలు.

ఆ ఆరు నెలల్లో మామిడి కాలం తగిలితే? మే నుంచి జులై దాకా తోటల్లో కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల్లో పనులు. పొద్దున పదకొండుకు ఊళ్ళోకి వెళ్తే సగం ఇళ్ళకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్ళు. తాళం వేసిన ఇల్లు వదిలేసి పక్కింటికి పోతే 500 నిండుతాయి, కానీ నమూనాలో పనికి పోయేవాళ్ళు తగ్గి వయసు మళ్ళినవాళ్ళు పెరుగుతారు, బీపీ శాతమూ పెరుగుతుంది. ఏ గణాంక పరీక్షా దాన్ని సరిదిద్దలేదు. తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు వెళ్తామని, అందులో ఒకసారి తెల్లవారుజామునో ఆదివారమో వెళ్తామని ప్రణాళికలోనే రాయాలి.

భాష సంగతీ ఇంతే. ప్రశ్నావళిలో ‘మధుమేహం ఉందా?’ అని ఉంటే ‘లేదు సార్’ అనే మనిషే ‘షుగర్ మాత్రలు మింగుతాండావా?’ అంటే చీటీ తెచ్చి చూపిస్తాడు. సత్యవేడు వైపు తమిళం కూడా కావాలి. సమ్మతి పత్రం చదివేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎథిక్స్ కమిటీ కోసం గ్రాంథిక తెలుగులో కట్టిన పత్రం ఆ షరతును కాగితం మీదే తీరుస్తుంది.

హారం నుంచి మొదలుపెట్టిన పరిశోధన మనకు కొత్త కాదు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెకు ఆనుకుని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఉంది. దేశంలో బీసీజీ టీకా తొలి ప్రయత్నాలు 1948లో జరిగిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 దాకా జె. ఫ్రిమోట్ మోల్లర్ బృందం ఆస్పత్రికి వచ్చిన రోగులతో సరిపెట్టుకోకుండా చుట్టుపక్కల జనాభా మొత్తాన్నీ అధ్యయనానికి తీసుకుంది. ఎక్స్‌రే సర్వేలు విడతలుగా మళ్ళీ మళ్ళీ చేసింది. పీజీ విద్యార్థికి అంత బలగం ఉండదు, నిజమే. కానీ ఊరి జాబితా ముందు, జబ్బు లెక్క తర్వాత అన్న వరస పాటించడానికి బలగం అక్కర్లేదు.

కాబట్టి విభాగాలకు నా సూచన ఒక్కటే. మొదటి రెండు నెలలు శీర్షిక అడగకండి. విద్యార్థిని ఒక గ్రామ ఆరోగ్య కేంద్రానికి పంపండి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల దగ్గరున్న ఇంటింటి జాబితాను ఇరవై ఇళ్ళకు వెళ్ళి సరిచూడమనండి. ఎన్ని ఇళ్ళు తాళం వేసి ఉన్నాయి, ఎందరు బెంగళూరుకో చెన్నైకో వలసపోయారు, ఒక్కో ఇంటికి ఎన్ని నిమిషాలు పట్టింది రాసుకు రమ్మనండి. ఆ కాగితం జతచేయని సినాప్సిస్‌ను వెనక్కి పంపండి. ఇక విద్యార్థులకు ఒక మాట: మదనపల్లె నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. సూత్రం పుస్తకం తెరిచే ముందు అది చదవండి.