గోధుమరంగు పాచి, రెండు బంగారు చేపలు, కొన్ని నత్తలు

2020లో ఆఫీసులన్నీ ఇళ్ళకొచ్చేసినప్పుడు నేనూ లాప్‌టాప్ సర్దుకుని మా ఊరు అవుక్కి చేరాను. మా పాపకి బడి లేదు, తోటి పిల్లల్లేరు. దాని పోరు పడలేక నంద్యాల నుంచి ఓ గాజుతొట్టి, నాలుగు చేపలు, ఫిల్టరు, ఓ సంచీడు ఇసక తెచ్చాను. పది రోజులు బ్రహ్మాండంగా ఉంది. ఆ తర్వాత గాజు మీదా, ఇసక మీదా కాఫీపొడి చల్లినట్టు గోధుమరంగు పాచి.

"పోతాదిలే రా, కొత్త తొట్టికి పాచి పట్టకుండా ఉంటాదా" అంది అమ్మ. వింటే నేను సాఫ్టువేరు ఇంజనీర్ని ఎందుకవుతాను? సిస్టం మొరాయిస్తే రీస్టార్ట్ కొట్టడం మన వృత్తిధర్మం కదా. చేపల్ని బకెట్లోకి మార్చి, తొట్టి తోమి, ఇసక కడిగి, ఫిల్టరు స్పాంజిని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి, బాగా ఉతికి, మళ్ళీ బోరు నీళ్ళు నింపాను. అద్దంలా మెరిసింది. ఐదో రోజుకి రెండు చేపలు తేలాయి. వారం తిరిగేసరికి మిగతా రెండూ పోయాయి. మూడో వారానికి పాచి మాత్రం తిరిగొచ్చింది.

"తొట్టి శుభ్రంగానే ఉంది కదా నాన్నా, మరెందుకు చచ్చిపోయాయి?" అనడిగింది పాప. జవాబు తెలీలేదు. వెతుక్కుంటూ పోతే అది నన్ను 170 ఏళ్ళు వెనక్కి తీసుకెళ్ళింది.

ముందు ఆ పాచి సంగతి. చేపలు పెంచేవాళ్ళు దీన్ని బ్రౌన్ ఆల్గే అంటారు గానీ, అసలైన బ్రౌన్ ఆల్గే సముద్రంలో పెరిగే కెల్ప్ లాంటివి. మన తొట్లో పట్టేవి డయాటమ్‌లు. ఒక్కో కణం తన చుట్టూ సిలికాతో, అంటే దాదాపు గాజుతో, చిన్న పెట్టె కట్టుకుంటుంది. లోపలి పచ్చదనాన్ని ఫ్యూకోజాంథిన్ అనే రంగుపదార్థం కప్పేస్తుంది, అందుకే ఆ గోధుమరంగు. రాళ్ళనీ మట్టినీ ఒరుసుకుంటూ వచ్చే నీళ్ళలో కొంత సిలికా కరిగే ఉంటుంది. వెలుతురు తక్కువైనా వీటికి చాలు. కొత్త తొట్లో పోటీకొచ్చే జీవాలు ఇంకా కుదురుకోవు కాబట్టి ముందు ఇవే పాగా వేస్తాయి.

ఇక కథలోకొస్తే, 1849లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఓ గాజుపాత్రలో నీళ్ళు పోసి, రెండు చిన్న బంగారు చేపల్నీ, వాలిస్నేరియా అనే నీటిమొక్కనీ వేశాడు. ఈ మొక్క మన చెరువుల్లోనూ పెరుగుతుంది. నీళ్ళు మార్చకుండానే చేపలు బతుకుతాయా అన్నది ఆయన ప్రశ్న. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆకులు కుళ్ళి, నీళ్ళు మసకబారి, పాత్రకి పచ్చటి పాచి పట్టింది. ఆయన నాలాగా తోమెయ్యలేదు. చెరువుల్లో ఈ కుళ్ళుని ఎవరు తింటున్నారో చూసి, నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళునీ పాచినీ తిన్నాయి, వాటి గుడ్లు చేపలకి మేతయ్యాయి. 1850లో ఈ ప్రయోగాన్ని అచ్చులో పెట్టాడు. 1853లో లండన్ జూలో చేపల ప్రదర్శనశాల తెరిచారు, ఆ మరుసటేడు ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. ఇక ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్లే.

కానీ నా చేపలెందుకు చచ్చాయో పెద్ద వారింగ్టన్‌కీ తెలీదు. ఆ జవాబులో సగం ఆయన కొడుకు దగ్గరుంది! కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేస్తూ, మట్టిలో అమ్మోనియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుతుందనీ, ఈ రెండంచెల పనినీ వేర్వేరు సూక్ష్మజీవులు చేస్తాయనీ చూపించాడు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ బాక్టీరియాని విడదీసి పట్టుకున్నాడు. చేప విసర్జించేది అమ్మోనియా, చేపకి విషం కూడా అదే. దాన్ని విరిచే బాక్టీరియా ఎక్కువగా కాపురముండేది ఫిల్టరు స్పాంజిలో. నేను బ్లీచింగ్‌లో నానబెట్టింది ఆ కాపురాన్నే!

అంటే పాచి జబ్బు కాదు, తొట్టి ఇంకా కుదురుకోలేదని చెప్పే లక్షణం. లాగ్ ఫైల్లో ఎర్రర్ కనబడిందని లాగ్ ఫైలునే చెరిపేసేవాణ్ణి ఏమంటాం? జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908లోనే నీళ్ళలోని మొక్కల్నీ శైవలాల్నీ బట్టి కాలుష్యాన్ని అంచనా కట్టే పద్ధతి చెప్పారు. మన హైదరాబాదులోనే మూసీనది శైవలాల మీద, కాలుష్యాన్ని దృష్టిలో పెట్టుకుని, వి. వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనం 1969లో హైడ్రోబయాలజియా పత్రికలో వచ్చింది. వాళ్ళు పాచిని చదివారు. నేను తోమేశాను.

శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల, గోరుకల్లు దాటి మా అవుకు రిజర్వాయరుకి కృష్ణ నీళ్ళొస్తాయి. గట్టున మునిగిన రాళ్ళ మీద కాలు పెడితే జారుతుంది, అదే గోధుమరంగు పాకుడు. ఎవరూ తోమరు. చేపలు హాయిగానే ఉన్నాయి.

రెండోసారి ముందు చేపల్లేకుండా, రోజూ చిటికెడు మేత మాత్రం వేస్తూ, నెలరోజులు ఫిల్టరు నడిపాను. తర్వాత రెండే చేపలు, నాలుగు నత్తలు, కొన్ని నిజం మొక్కలు. లైటు రోజుకి ఏడు గంటలు. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం, ముందువైపు గాజు ఒక్కటీ తుడవడం. స్పాంజిని ఆ తీసేసిన నీళ్ళలోనే పిండి మళ్ళీ పెట్టెయ్యడం. కుళాయి నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ పోగొట్టాకే పొయ్యాలి. మాది నాపరాయి నేల, సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళు. నత్తల గుల్లలకి అదే మేలు.

గోధుమరంగు పాచి ఈసారీ వచ్చింది. దాదాపు నెలన్నర ఉండి, దానంతటదే పలచబడింది. మధ్యలో నాకు రెండుసార్లు చేతులు దురద పెట్టాయి. రెండుసార్లూ స్క్రబ్బరు దాచేసింది మా పాపే :-)