నటభైరవి నుంచి కీరవాణికి: మైనర్ కార్డుల ముగింపులో బలాబలాలు

ఇప్టా (ప్రజా నాటక సంఘం) పాటలతో కలకత్తాలో పేరు తెచ్చుకున్న సలిల్ చౌధురి, 1961లో 'ఛాయా' హిందీ సినిమా కోసం మొజార్ట్ 40వ సింఫనీ (1788) తొలి వరుసను యుగళగీతంగా మలిచారు. ఆ సింఫనీ జి మైనర్‌లో ఉంది. జి స్వరాన్ని షడ్జం అనుకుంటే, ఆ వరుసలో మొదట వినపడేది శుద్ధ ధైవతం పంచమం మీదికి వాలడం. కింద బేస్ షడ్జాన్ని పట్టుకుని ఉండి, ఒక్కసారి కాకలి నిషాదానికి దిగి, తిరిగి షడ్జానికి వస్తుంది. ముగింపు బిగువు ఆ దిగుడులోనే ఉంది.

ఆ నిషాదం సహజ మైనర్‌ది కాదు. సహజ మైనర్ అంటే మన 20వ మేళం నటభైరవి. అందులో ఉన్నది కైశికి నిషాదం. దాంతో కట్టిన పంచమ కార్డు షడ్జ కార్డుకు చేరినప్పుడు నిషాదం రెండు స్థానాలు (సెమీటోన్లు) ఎక్కాలి. ముగిసినట్టు ఉంటుంది కానీ ముగియక తప్పదన్న ఒత్తిడి ఉండదు. 21వ మేళం కీరవాణిలో మారేది నిషాదం ఒక్కటే. అది షడ్జానికి ఒక్క స్థానం దూరంలో నిలుస్తుంది.

నటభైరవికి ఇంకో బలహీనత ఉంది, దీన్ని పాఠ్యపుస్తకాలు తేలిగ్గా దాటేస్తాయని నా అభిప్రాయం. ఆరు స్థానాల ఎడం ఉన్న జంట అందులో ఒకటే: చతుశ్రుతి రిషభం, శుద్ధ ధైవతం. ఇవి గాంధార పంచమాల వైపు లాగుతాయి. ఆ రెండూ షడ్జ కార్డులోనూ ఉన్నాయి, గాంధారం మీద కట్టిన మేజర్ కార్డులోనూ ఉన్నాయి. బేసులో కైశికి నిషాదం ఉంటే మొగ్గు మేజర్ వైపే. కాకలి నిషాదం రాగానే మధ్యమంతో రెండో జంట ఏర్పడి, దారి షడ్జానికి తిరుగుతుంది. నిషాద, రిషభ, మధ్యమ, ధైవతాలు కలిసిన కార్డులో మూడు స్వరాలు ఒక్కో స్థానం జరిగితే చాలు. మధ్యమం మాత్రం గాంధారానికి రెండు స్థానాలు దిగాలి.

అయితే స్థానాలు లెక్కపెడితే సరిపోదు. శుద్ధ రిషభం మీద కట్టిన మేజర్ కార్డు నేరుగా షడ్జ కార్డుకు వస్తే రెండు స్వరాలు ఒక్కో స్థానమే దిగుతాయి. అయినా అది పంచమ కార్డంత నమ్మకంగా వినపడదు. షడ్జంలోకి కింది నుంచి ఎక్కే స్వరం లేదు, బేసులో పంచమం నుంచి షడ్జానికి వచ్చే నడకా లేదు. మధ్యమ కార్డు సంగతి మరీ మెతక. షడ్జం అందులో ముందే ఉంది, ఇంట్లో కూర్చున్నవాడు ఇంటికి ఎలా వస్తాడు? ఇక ఇందాకటి నాలుగు స్వరాల కార్డులో ఎడాలన్నీ సమానం. ఏ స్వరమైనా నిషాదం కాగలదు, అంటే నాలుగు ఇళ్లకు దారి. చివరి ముగింపుకు బేసులో పంచమాన్నే నమ్ముకోవడం అందుకే.

ఈ తేడాలన్నీ హార్మోనియం మీద వినవచ్చు. 1875లో కలకత్తాలో మొదలైన ద్వార్కిన్ సంస్థ ఆ వాద్యాన్ని ఇంటింటికీ చేర్చింది. రవీంద్రుడికి అది గిట్టలేదు, 1940లో ఆకాశవాణి నిషేధించింది. హార్మోనియం కాకలి నిషాదం షడ్జానికి 1100 సెంట్ల (స్థానానికి వంద సెంట్లు) ఎత్తులో బిగుసుకుని ఉంటుంది. పంచమంతో కార్డు శుద్ధంగా కలవాలంటే 1088 కావాలి. షడ్జం వైపు లాగుడు పెరగాలంటే 1110 దాకా ఎక్కించాలి. వయొలిన్ మీద అది వేలి పని. కార్డు శుద్ధంగా పలకడం, ముగింపు బిగువుగా ఉండడం ఒకే నిషాదంతో కుదరవు.