నుక్తా, నక్షత్రం, అబ్బా ఖత్‌లు

ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ తఖ్తీ మీద ‘ఖుదా’ అని రాయించేవారు. అక్షరం పైనున్న నుక్తా కిందికి జారితే అది ‘జుదా’ అవుతుంది, అంటే ఎడబాటు. “ఒక్క నుక్తాయే బేటా, ఎహతియాత్!” అనేవారు. ఆ సబఖ్ నలభై దాటాక కంప్యూటర్ ముందు మళ్లీ గుర్తొచ్చింది.

అబ్బా రాసిన ఖత్‌లను టైపు చేసి వెబ్ పేజీలుగా దాచుకున్నాను. ఉర్దూ జుమ్లా మధ్యలో మా ఊరి పేరు తెలుగులో ఉన్నచోటల్లా వరస తప్పేది. రెండో సగం ముందూ, మొదటి సగం తర్వాతా కనిపించేవి. పేరా కుడి నుంచి ఎడమకు నడవాలని బ్రౌజర్‌కు నేను చెప్పలేదు మరి. అది చెప్పే ఆట్రిబ్యూట్ ‘డిర్’, భాష ఏదో చెప్పేది ‘లాంగ్’. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0లో ఈ రెండూ ఉన్నాయి.

వందల పేరాలు చేత్తో దిద్దలేక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పట్టుకున్నాను. దాని తారీఖ్ దిల్‌చస్ప్‌గా ఉంటుంది. 1951లో అమెరికన్ గణితవేత్త స్టీఫెన్ క్లీనీ నాడీకణాల నమూనాలను లెక్కల్లో చెప్పబోతూ దీనికి పునాది వేశాడు. 1956లో అది అచ్చయింది. ‘ముందున్నది ఎన్నిసార్లైనా రావచ్చు, అసలు రాకపోనూవచ్చు’ అనే నక్షత్రం గుర్తు ఆయన పేరుతోనే నిలిచింది. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని కంప్యూటర్లో మాటలు వెతికే పద్ధతిగా మలిచాడు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్, 1787-88 నాటి ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏది ఎవరి కలమో తేల్చాలనుకున్నాడు. అంత టెక్స్ట్ ఎడిటర్లో పట్టలేదు. అందుకని థాంప్సన్ ‘గ్రెప్’ను విడిగా తీసి ఇచ్చాడు. పాత తహ్రీర్‌ల కోసం బయటికొచ్చిన ఔజార్ నా చేతికీ అందిందన్నమాట.

నా గల్తీ ఇదీ. పేరా ట్యాగ్ మొదలైన చోటు నుంచి దాన్ని మూసే గుర్తు దాకా పట్టమని మధ్యలో చుక్క, నక్షత్రం (.*) పెట్టాను. చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. నక్షత్రానికేమో హిర్స్ ఎక్కువ, దొరికినంతా మింగుతుంది. ఖత్ మొత్తం ఒకే లైన్లో ఉండటంతో మొదటి ట్యాగ్ నుంచి చివరి ట్యాగ్ దాకా పట్టింది. దాని స్థానంలో నేనిచ్చిన కొత్త ట్యాగ్ ఒక్కటే మిగిలింది. అబ్బా మాట ఒక్కటీ లేదు.

నకల్ ఉంది కాబట్టి బతికాను. చుక్క తీసేసి ‘మూసే గుర్తు కానిది ఏదైనా’ అని అర్థమిచ్చే [^>]* రాశాను. పాత ఆట్రిబ్యూట్లను బ్రాకెట్లలో పట్టి తిరిగి పెట్టి, కొత్తవి పక్కన చేర్చాను. ఈసారి ట్యాగ్ మాత్రమే మారింది.

ఈ ఔజార్‌కు హర్ఫ్‌లు తెలుసు, మతలబ్ తెలియదు. ట్యాగ్‌లో ట్యాగ్ ఎంత లోతుగా ఉందో లెక్కపెట్టడం క్లీనీ గణితానికి అందదు. అలాంటి చోట హెచ్‌టీఎంఎల్‌ను చదివే పార్సరే వాడాలి. మీ ఇళ్లలోనూ పెద్దల ఖత్‌లు ఇలా దాచి ఉంటే ముందు నకల్ తీయండి. ఒక్క ఖత్ మీద పరఖ్ చేసి చూడండి. మిగతావి ఆ తర్వాతే.