రెండు నందనలు

కృష్ణా తీరమున రెండు నందన సంవత్సరములను మనము ప్రక్కప్రక్క నుంచి చూతము.

మొదటిది 1832-33. గుంటూరు సీమలో డొక్కల కరువు లక్షకు పైబడి ప్రాణములను బలిగొన్నది. ఆ 1832లోనే ఇంగ్లండు పార్లమెంటు సంస్కరణ చట్టముతో వోటర్ల సంఖ్యను పెంచెను. అచటి పాలకులు వోటరునకు జవాబు చెప్పవలసియుండెను. ఇచటి కుంపిణీ దొరలకు శిస్తు చింతయే. రాబడి పెరుగునని ఇంజనీర్లు లెక్క చూపిన పిమ్మటనే ఆనకట్టకు అనుమతి లభించెను. కాటన్ ప్రోత్సాహముతో కెప్టెన్ ఆర్ దానిని 1855లో పూర్తిచేయునప్పటికి కరువు గడచి ఇరువది రెండేండ్లయ్యెను.

రెండవ నందన 1952. ఆనకట్టకు గండిపడెను. వయోజనులందరు తొలిసారి వోటు వేసినదియు ఆ యేడే. 1957 నాటికి క్రొత్త బారేజి నిలిచెను. వోటొక్కటే కారణము కాదు. కాని రైతు మాట వినక తప్పని రోజులు వచ్చినవి.

అయినను వోటునకు ఒక లోపము కలదు. బారేజికి శిలాఫలకముండును, కాలువలో తీసిన పూడికకు ఉండదు. పేరు తెచ్చు పనికే పాలకుని మనసు మొగ్గును. పూడిక సంగతి మనము అడిగిననాడే దివిసీమ శివారు పొలమునకు నీరందును.