గోదావరి రేవుల్లో బస్సు, పంటు, రైలు: వేళలు కలిస్తేనే ప్రయాణం సుగమం

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ దాటిన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ విస్తరించిన కోనసీమకు, ఏటి మధ్యనున్న లంక గ్రామాలకు నీరే సంపద, నీరే అడ్డంకి. కొబ్బరి, అరటి, కూరగాయలు, పాలు సంతకు చేరాలన్నా, విద్యార్థి కళాశాలకు వెళ్లాలన్నా, గర్భిణిని ఆసుపత్రికి తరలించాలన్నా అనేక పల్లెల్లో మొదటి మజిలీ రేవే. రేవు దాటాక బస్సు, బస్సు దిగాక రైలు. ప్రయాణికునికి ఇది ఒకే ప్రయాణం. పాలనలో మాత్రం ఇది మూడు వేర్వేరు వ్యవస్థల బాధ్యత.

మూడు వ్యవస్థలు, ఒకే ప్రయాణికుడు

రాజ్యాంగం ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోనివి. రేవులు, వంతెనలు, రహదారులు రాష్ట్ర జాబితాలోనివి. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులోని 13వ అంశం రోడ్లు, వంతెనలు, రేవులు, జలమార్గాలను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన విషయాలుగా పేర్కొంది. రేవుల నిర్వహణ హక్కును వేలం పాట ద్వారా ఇవ్వడం గోదావరి జిల్లాల్లో చిరకాలంగా ఉన్న పద్ధతి. బస్సులను నడిపేది 1958లో ఏర్పడిన రోడ్డు రవాణా సంస్థ. దీని ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో విలీనమయ్యారు.

ఈ విభజన ఫలితం టికెట్టులోనూ కనిపిస్తుంది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సులో మహిళకు ప్రయాణం ఉచితం. అదే మహిళ రేవులో పంటు ఎక్కితే ఛార్జీ చెల్లించాలి.

నరసాపురం, కోటిపల్లి రేవులు

వశిష్ఠ పాయకు పడమటి ఒడ్డున నరసాపురం రైలు మార్గానికి చివరి స్టేషను. తూర్పు ఒడ్డున సఖినేటిపల్లి. రాజోలు, మలికిపురం ప్రాంతాలవారు రైలు అందుకోవాలంటే బస్సులో సఖినేటిపల్లి చేరి, పంటుపై మాధవాయిపాలెం రేవుకు దాటి, అక్కడినుంచి స్టేషనుకు వెళ్లడం దగ్గరి దారి. పంటు దొరకకపోతే దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి రావాలి. రెండు ఒడ్లు రెండు జిల్లాలకు చెందినవి కావడం మరో చిక్కు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణోత్సవాల్లో ఈ రేవుపై ఒత్తిడి అనేక రెట్లు పెరుగుతుంది.

గౌతమిపై కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల కథ కూడా ఇటువంటిదే. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన సుమారు 45 కిలోమీటర్ల రైలు మార్గాన్ని రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో తొలగించారు. తిరిగి నిర్మించి 2004లో ప్రారంభించారు. ఆ మార్గంలో ఒకే పెట్టె గల రైలు బస్సు నడిచింది. 2020 కోవిడ్ కాలంలో ఆ సర్వీసు నిలిచిపోయింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి సుమారు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01లో మంజూరయింది. మూడు నదీపాయలపై వంతెనలు అవసరమైన ఆ పని దీర్ఘకాలం సాగింది. యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో ప్రారంభమైన బాలయోగి వంతెన కాకినాడ, అమలాపురం మధ్య రాకపోకలను మార్చివేసింది. వంతెన శాశ్వత పరిష్కారమనడంలో సందేహం లేదు. అది వచ్చేలోగా రోజూ ఏరు దాటే ప్రజలకు కావలసింది వేళల పొందిక.

వేళలు కూర్చే విధానం

సమన్వయానికి మొదటి సూత్రం, మార్చడానికి వీలులేని వేళ నుంచి వెనక్కు లెక్కించడం. రైలు వేళ సుదూర ప్రాంతాలతో ముడిపడి ఉంటుంది. దానిని ఒక రేవు కోసం సవరించడం కష్టం. కాబట్టి రైలు వేళను ఆధారంగా తీసుకుని పంటు వేళను, పంటు వేళను బట్టి బస్సు వేళను నిర్ణయించాలి. బస్సు వేళ మార్చడం డిపో స్థాయిలో సాధ్యమయ్యే పని. నది దిగువన సముద్రపు పోటుపాటుల వల్ల, ఇసుక మేటల వల్ల పంటుకు ఆలస్యం సహజం గనుక నడుమ కొంత వ్యవధి విడిచిపెట్టాలి.

రెండవది, రాత్రి ఆఖరి సర్వీసు. పగలు ఒక బస్సు తప్పితే మరొకటి వస్తుంది. ఆఖరి పంటు ఒడ్డు చేరకముందే ఆఖరి బస్సు బయలుదేరితే ప్రయాణికులు రేవులోనే చిక్కుకుపోతారు. రేవు సిబ్బందికి, డిపోకు మధ్య ఒక్క ఫోను పలకరింపు ఈ ఇబ్బందిని తొలగించగలదు. మూడవది, మూడు వాహనాల వేళలను ఒకే పలకపై తెలుగులో, రెండు ఒడ్లలోనూ, స్టేషనులోనూ ప్రదర్శించడం.

భద్రత, వరద హెచ్చరికలు

వేళలు కలవకపోవడం భద్రతకూ ముప్పే. ఆఖరి పడవ తప్పిపోతుందన్న ఆందోళన పరిమితికి మించి ఎక్కడానికి దారితీస్తుంది. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద గౌతమిలో పడవ బోల్తాపడిన దుర్ఘటనలో బడి నుంచి ఇళ్లకు మరలుతున్న విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయారు. నదిని దాటి చదువుకునే పిల్లలున్న ప్రతి పల్లెకూ అది మరువరాని హెచ్చరిక. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం నౌకల తనిఖీ, రిజిస్ట్రేషన్, ప్రాణరక్షణ సామగ్రి విషయాల్లో దేశమంతటికీ ఒకే విధానాన్ని నిర్దేశించింది.

ధవళేశ్వరం వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ అవుతాయి. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులను మించింది. వరదలో రేవు మూసివేయడం తప్పనిసరి. అదే గంటలో వంతెన మీదుగా అదనపు బస్సులు నడిపే ప్రణాళిక ముందే సిద్ధంగా ఉంటేనే ప్రజలు సాహసించి నాటు పడవలు ఎక్కరు.

కేరళ అనుభవం

నదులు, కాయళ్లు విస్తారంగా ఉన్న కేరళలో 1968 నుంచి జల రవాణాకు ప్రత్యేక ప్రభుత్వ శాఖ ఉంది. అలప్పుళలో పడవల రేవు, బస్సు స్టేషను చేరువలోనే ఉన్నాయి. 2017 జనవరిలో వైకోం, తవణక్కడవుల మధ్య 75 మంది ప్రయాణించగల సౌర విద్యుత్ పడవ ప్రారంభమైంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవను పట్టణ రైలుతో అనుసంధానించింది.

జిల్లా స్థాయిలోనే ఆరంభం

ఇంతటి పెట్టుబడి లేకున్నా గోదావరి రేవుల్లో ఆరంభించదగిన పనులున్నాయి. డిపో మేనేజరు, రేవు నిర్వాహకుడు, స్టేషను మాస్టరు, పంచాయతీ ప్రతినిధులు, విద్యాసంస్థల వారు కలెక్టరు అధ్యక్షతన వేళలను సమీక్షించుకోవచ్చు. రెండు జిల్లాల మధ్యనున్న రేవులకు ఉమ్మడి సమావేశం అవసరం. రైలు వేళలకు సంబంధించిన వినతులను డివిజన్ స్థాయి రైల్వే వినియోగదారుల సంప్రదింపుల కమిటీకి పంపవచ్చు. 2027 గోదావరి పుష్కరాల కోసం చేసే రవాణా ఏర్పాట్లలో ఈ పొందికను పరీక్షించి, అనంతరం కొనసాగిస్తే లంక వాసులకు శాశ్వత ప్రయోజనం చేకూరుతుంది. ఏటి ఆవలి ఒడ్డున తన కోసం బస్సు ఆగి ఉంటుందన్న భరోసా ప్రయాణికునికి కలిగిన రోజే గ్రామీణ రవాణా లక్ష్యం నెరవేరినట్లు.