కొలిమి లేని ఇనుము: అండమాన్ బాణపు ములుకు

మొన్న ఒక మాక్ టెస్టులో "సెంటినెలీలు ఇనుప యుగంలో ఉన్నారు" అని రాశాను. వాళ్ల బాణాలకు ఇనుప ములుకులు ఉంటాయి కదా, అదీ నా ధీమా. దిద్దినాయన మార్కులు కోసి, పక్కన "ఇనుము ఎక్కడిది?" అని రాసి వదిలేశారు.

ఇనుము ఓడలది. ఈ దీవులవాళ్లకు పగడపు దిబ్బల మీద చిక్కిన ఓడలే గనులు. 1981 ఆగస్టులో ప్రిమ్‌రోజ్ అనే సరుకు ఓడ ఉత్తర సెంటినెల్ దగ్గర ఇరుక్కుపోయింది. సిబ్బందిని హెలికాప్టర్‌లో తరలించాక ఆ ఇనుము సెంటినెలీలకు దక్కింది. 19వ శతాబ్దంలో గ్రేట్ అండమానీల మధ్య పనిచేసిన ఇ.హెచ్. మాన్ వాళ్ల పద్ధతి రాసిపెట్టాడు: ఇనుప ముక్కను కాల్చరు, చల్లగా ఉండగానే కొట్టి సాగదీసి, రాయికి నూరతారు. సెంటినెలీలదీ ఇదే దారి అంటారు. అంటే "ఇనుప యుగం" తప్పే, ఆధునిక ఓడ ఇనుము వాడేవాళ్లను "రాతి యుగం" అనడమూ తప్పే.

కొలిమి లేదు కాబట్టి ఆ ముక్కలో కార్బన్ పెరగదు, తరగదు. ఓడ రేకులో సుమారు 0.2 శాతం ఉంటే ములుకులోనూ అంతే. అదనపు గట్టిదనమంతా దెబ్బల వల్ల వచ్చేది. మన మెటలర్జీ పుస్తకాల్లోని వర్క్ హార్డెనింగ్.

నిప్పు చేరితే లెక్క మారుతుంది. బొగ్గు పలచగా ఉండి తిత్తి గాలి ఎక్కువైతే, ఆక్సిజన్ ఇనుము పైపొరలోని కార్బన్‌ను తినేస్తుంది, పొలుసు కడుతుంది. బొగ్గు మందంగా ఉంటే ఆ గాలి దారిలోనే కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, నష్టం తగ్గుతుంది. కొలిమిలో పెడితే చాలు, బొగ్గులోని కార్బన్ ఇనుముకు ఎక్కుతుందని నేనూ అనుకునేవాణ్ని. ఎక్కాలంటే గాలి తగలకుండా, సుమారు 900 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచాలి. మామూలు సాగగొట్టుడులో పోయేదే ఎక్కువ.

గాలి తగలకుండా ఉంచే ఉపాయం మన తెలంగాణలోనే ఉండేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కాల్చేవారు. హెన్రీ వోయ్సీ వర్ణన 1832లో అచ్చయింది. ఇలాంటి ఉక్కులో కార్బన్ 1 శాతం దాటుతుంది. దాన్ని ఎర్రటి వేడిలోనే కొట్టాలి. తెల్లగా కాలిస్తే సుత్తి కింద పగులుతుంది. మెత్తని ఇనుముకు అలవాటుపడ్డ యూరప్ కమ్మరులకు ఇది చాలాకాలం కొరుకుడు పడలేదు.

జవాబు తిరగరాశాను: "సెంటినెలీలు ఇనుము వాడతారు, కరిగించరు."