నందికొండ పరిసరాల్లో యురేనియం ప్రతిపాదన: భూగర్భ ఇంధన వనరులపై స్థానిక సంస్థల అధికార పరిధి

నల్లగొండ జిల్లా నందికొండ వద్ద కృష్ణానదిపై నిర్మితమైన నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలో, లంబాపూర్, పెద్దగట్టు గ్రామాల పరిధిలో యురేనియం తవ్వకానికి యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (యు.సి.ఐ.ఎల్.) 2000 దశకం ఆరంభంలో ప్రతిపాదన చేసింది. స్థానికంగా తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్న ఈ ప్రతిపాదన తవ్వకం దశకు చేరలేదు. యురేనియం గాని, చమురు, సహజవాయువు గాని భూగర్భం నుంచి వెలికితీసేటప్పుడు గ్రామ పంచాయతీకి, గ్రామసభకు, జిల్లా యంత్రాంగానికి చట్టం ఏ మేరకు పాత్ర కల్పించిందో తెలుసుకొనుటకు ఈ ఉదంతం ఉపకరిస్తుంది.

ప్రతిపాదన నేపథ్యం

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన సంచాలకాలయం ఈ ప్రాంతంలో యురేనియం నిక్షేపాలను గుర్తించింది. సుమారు 527 హెక్టార్ల విస్తీర్ణంలో గనులు చేపట్టి, రోజుకు 1,250 టన్నుల ముడిఖనిజాన్ని వెలికితీయాలని సంస్థ ప్రతిపాదించింది. ఇందులో సుమారు 445 హెక్టార్లు యెల్లాపురం రిజర్వు అటవీ భూమి. గనులపై 2003 ఆగస్టులోను, దేవరకొండ సమీపంలోని శేరిపల్లి వద్ద ప్రతిపాదించిన శుద్ధి కర్మాగారంపై 2005 మార్చిలోను ప్రజాభిప్రాయ సేకరణ సభలు జరిగాయి. కర్మాగారానికి తొలుత మల్లాపురం ప్రాంతాన్ని పరిశీలించారు. అది హైదరాబాద్ నగరానికి కృష్ణా తాగునీటిని అందించే అక్కంపల్లి జలాశయానికి సమీపాన ఉండటం ఆక్షేపణకు దారితీసింది.

భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్యను దీర్ఘకాలంగా ఎదుర్కొంటున్న నల్లగొండ జిల్లాకు కృష్ణా జలాలే సురక్షిత తాగునీటికి ప్రధాన ఆధారం. కనుకనే జలాశయపు ఒడ్డున గనుల ప్రతిపాదన జిల్లా అంతటా చర్చనీయాంశమైంది.

రాజ్యాంగపరమైన స్థితి

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 6వ అంశం అణుశక్తిని, దానికి అవసరమైన ఖనిజాలను, 53వ అంశం చమురు క్షేత్రాలను, ఖనిజ తైల వనరులను పేర్కొంటున్నాయి. స్థానిక స్వపరిపాలన రాష్ట్ర జాబితాలోని 5వ అంశం. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలున్నాయి. వాటిలో తాగునీరు ఉంది గాని గనులు, చమురు లేవు. అందువలన తాగునీటికి బాధ్యత వహించే పంచాయతీకి, ఆ నీటిపై ప్రభావం చూపగల గనిని అనుమతించే, నిరాకరించే అధికారం లేదు.

చమురు, సహజవాయువు రంగం

1948 చమురు క్షేత్రాల (నియంత్రణ, అభివృద్ధి) చట్టం ఈ రంగానికి మూలం. దీనిని 2025లో సవరించారు. పైపులైన్ల కొరకు 1962 చట్టం ప్రకారం భూ వినియోగ హక్కును సేకరిస్తారు. ప్రకటన వెలువడిన 21 రోజులలోగా భూమిపై ఆసక్తి గల వ్యక్తి సమర్థాధికారికి అభ్యంతరం తెలుపవచ్చును. గ్రామసభ ఆమోదం ఈ చట్టం ప్రకారం షరతు కాదు. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించిన దుర్ఘటన, జనావాసాల మధ్య సాగే పైపులైన్ల భద్రతలో స్థానిక యంత్రాంగం పాత్రపై చర్చకు దారితీసింది.

ప్రజాభిప్రాయ సేకరణ

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన మేరకు ఈ సభను కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. జిల్లా కలెక్టర్ గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక ముసాయిదాను జిల్లా పరిషత్, స్థానిక సంస్థల కార్యాలయాలలో అందుబాటులో ఉంచాలి. కార్యక్రమాన్ని వీడియో చిత్రీకరించి, సభా వివరాలను చివర స్థానిక భాషలో చదివి వినిపించాలి. అయితే సభలో వ్యక్తమైన అభిప్రాయం ప్రాజెక్టును రద్దు చేయజాలదు. దానిని పరిగణనలోకి తీసుకొనే బాధ్యత మాత్రమే అనుమతించే అధికారిపై ఉంటుంది.

ఈ అవకాశం కూడా క్రమేణా కుదించబడింది. 2020 జనవరిలో చమురు, సహజవాయు అన్వేషణను 'బి2' శ్రేణికి మార్చడంతో ఆ దశలో ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయింది. ఉత్పత్తి దశ మాత్రం 'ఎ' శ్రేణిలోనే ఉంచబడింది. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అణు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు సైతం ఈ ప్రక్రియ నుంచి మినహాయింపునిచ్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం, 2003లో లంబాపూర్, పెద్దగట్టు వాసులకు లభించిన వేదిక అటువంటి కొత్త ప్రతిపాదనలకు వర్తించదు.

గ్రామసభ అధికారాలు

1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమిలో షెడ్యూల్డ్ గ్రామాలున్నాయి. నల్లగొండ జిల్లాలో లేవు. లంబాడా తండాలు అధికంగా ఉన్నప్పటికీ లంబాపూర్ ప్రాంతానికి ఈ చట్టం రక్షణ లేదు. పైగా పీసా ప్రకారం గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు చిన్నతరహా ఖనిజాలకే తప్పనిసరి.

2006 అటవీ హక్కుల చట్టం ఇందుకు భిన్నం. అది షెడ్యూల్డ్, ఇతర ప్రాంతాలన్న భేదం లేకుండా అటవీ భూములన్నింటికీ వర్తిస్తుంది. అటవీ భూమి మళ్లింపునకు గ్రామసభ తీర్మానం జతపరచాలని కేంద్రం 2009 ఆగస్టులో సూచించింది. ఒడిశాలోని నియమగిరి వ్యవహారంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న గ్రామసభల నిర్ణయానికి ప్రాధాన్యం కల్పించగా, 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2022 అటవీ సంరక్షణ నిబంధనలు ఈ హక్కుల పరిష్కార బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాయి.

రాష్ట్ర ప్రభుత్వ పాత్ర

నల్లమలలో యురేనియం అన్వేషణ, తవ్వకాలను విరమించాలని కోరుతూ తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబర్ 16న ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఈ తీర్మానానికి కేంద్రాన్ని కట్టడి చేసే చట్టబద్ధత లేదు. అయితే కేంద్రం ముందస్తు ఆమోదంతో మైనింగ్ లీజు మంజూరు చేయవలసినది రాష్ట్ర ప్రభుత్వమే. అటవీ భూమి మళ్లింపు ప్రక్రియ కూడా రాష్ట్రం ద్వారానే సాగుతుంది. కావున గ్రామసభ తీర్మానాల ప్రభావం రాష్ట్ర ప్రభుత్వ వైఖరిపై ఆధారపడి ఉంటుంది.

గమనించవలసిన అంశాలు

ఏ ప్రతిపాదన విషయంలోనైనా అది అన్వేషణా, తవ్వకమా. భూమి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నదా. అందులో అటవీ భూమి ఎంత. ఆ భూమిపై వ్యక్తిగత, సామూహిక హక్కుల పత్రాలు జారీ అయ్యాయా అన్న నాలుగు అంశాలను ముందుగా నిర్ధారించుకోవలసి ఉంటుంది. వీటిని బట్టియే గ్రామసభ అభిప్రాయానికి చట్టంలో ఎంత విలువ ఉన్నదీ తేలుతుంది. నందికొండ పరిసరాల్లో అధిక భాగం అటవీ భూమే అయినందున, హక్కుల నమోదు పూర్తికావడం అక్కడి గ్రామాలకు అత్యంత కీలకమైన అంశం.